సోమమ్మకు పాజిటివ్ వచ్చింది

ఆత్మకూరు నుంచి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఒక చిన్న ఊరుంది. అక్కడ గుర్వయ్య మంద అంటే ఎవరైనా చూపిస్తారు. పేరుకు మంద గుర్వయ్యదే గానీ గొర్రెలు మాత్రం అతని భార్య సోమమ్మ వెంటే నడిచేవి. ఆమె ముందు నడిస్తే మంద మొత్తం వెనకాల కదిలేది. గుర్వయ్య ముందు నడిస్తే కాస్త దూరం పోయి ఆగి, సోమమ్మ ఎక్కడుందా అని తలలు తిప్పి చూసేవి. గుర్వయ్యకు దీంతో ఏ పేచీ లేదు. మంద వెనకాల తీరిగ్గా బీడీ కాల్చుకుంటూ రావచ్చు.

సోమమ్మకు యాభై దాటింది. సన్నటి మనిషి, మాట గట్టి. చావింటికి పోయినా ఎవరినో ఒకరిని నవ్వించి వస్తుందని ఆమె తమ్ముడు ఐలేశం చెప్పేవాడు. అది మెచ్చుకోలో ఫిర్యాదో అతనికే సరిగా తెలియదు. ఆమెకు బీడీ, చుట్ట, కల్లు ఏదీ లేదు. ఆకు వక్క కూడా పెళ్లిళ్లలో తప్ప నమిలేది కాదు.

కరోనా వచ్చిన ఏడాది దసరా పోయాక ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆ రోజుల్లో నలుగురిలో దగ్గడమంటే నేరం చేసినట్టే. దుకాణం దగ్గర ఆమె ఒకసారి దగ్గితే సామాన్ల కోసం నిలబడ్డవాళ్లంతా అటూ ఇటూ జరిగారు. వెంటనే దుకాణం ఖాళీ అయ్యిందని, తనకు కావలసింది ముందే దొరికిందని సోమమ్మ ఇంటికొచ్చి సంతోషంగా చెప్పింది. ఎదురింట్లో ఉండే ఆశా కార్యకర్త జానమ్మ ఆమెను తీసుకుపోయి ముక్కులో పుల్ల పెట్టించింది. నెగెటివ్ అన్నారు. కొన్నాళ్లకు మళ్లీ పెట్టించింది. మళ్లీ నెగెటివే. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గు మందు సీసాలు రాసిచ్చాడు. సీసాలు అయిపోయాయి, దగ్గు మిగిలింది.

ఎండలు ముదిరే ముందు ఆమె మంద వెంట నడవలేక మధ్యలో బండల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. గొర్రెలు మేత వదిలి ఆమె చుట్టూ నిలబడేవి. ఒకరోజు గుర్వయ్య ఏదో జోకు చెప్పాడు. సోమమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. నోరు తెరిచింది గానీ గాలి అందలేదు. చెంపల మీద నీళ్లు కారుతుంటే చేత్తో వద్దు వద్దు అన్నట్టు ఊపింది. గుర్వయ్య బీడీ కిందపడేసి లేచాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మహబూబ్‌నగర్ బస్సెక్కారు.

అక్కడి దవాఖానలో ఎక్స్‌రే తీసి కుడి ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరాయన్నారు. వీపులో సూది గుచ్చి నీళ్లు తీస్తే సీసా నిండింది. ఎర్రటి చాయ్ డికాక్షన్ లాంటి నీళ్లు. తీసిన కాసేపటికే ఆమెకు హాయిగా గాలి ఆడింది.

"గీంతేనా? గీ నీళ్ల కోసమా ఇన్ని దినాలు తిప్పలు? పాండి, ఇంటికి పోదం" అంది.

కానీ ఆ నీళ్లను పరీక్షకు పంపారు. ఫలితం చూసిన డాక్టరు గుర్వయ్యను పక్కకు పిలిచాడు. ఇది క్యాన్సర్ అని, హైదరాబాద్ పోవాలని చెప్పాడు. గుర్వయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కూతురికి ఫోన్ చేశాడు.

ఒక్కగానొక్క కూతురు సుస్మిత హైదరాబాద్‌లో ఒక బట్టల షోరూంలో లెక్కలు చూస్తూ, మెహదీపట్నంలో కిరాయి గదిలో ఉంటోంది. తండ్రీ కూతురూ ఫోన్లోనే ఒక మాట అనుకున్నారు. అమ్మకు చెప్పొద్దు, ఊపిరితిత్తుల్లో వాపు అని చెబుదాం. ఐలేశం కూడా సరేనన్నాడు. ముగ్గురూ కలిసి ఆమెను హైదరాబాద్ తీసుకుపోయారు. ఆమె వినకుండా గుసగుసలాడుకున్నారు. ఆమె చూడకుండా కళ్లు తుడుచుకున్నారు. దవాఖాన బయట అన్నం డబ్బాలు విప్పుకుని తింటుండగా సోమమ్మ పచ్చడి కలుపుకుంటూ మామూలుగా అడిగింది.

"గీ క్యాన్సర్‌కు మందు ఎన్ని దినాలు వాడాల్నో అడిగినవా బిడ్డా?"

సుస్మిత చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. "నీకెవలు చెప్పిన్రమ్మా?"

"ఎవలు చెప్పాలె? మీ నాయిన మొఖం జూస్తే తెల్వదా? ముప్పై ఏండ్ల సంది జూస్తున్న. దవాఖాన మీద గంత పెద్ద బోర్డు గూడ పెట్టిన్రాయె. నేను సదువుకోలే గానీ వచ్చెటోళ్లు పొయ్యెటోళ్లు చదువుతలేరా?"

ఐలేశం ఏడవడం మొదలుపెట్టాడు. సోమమ్మ అతని పళ్లెంలో ఇంకాస్త పచ్చడి వేసింది.

క్యాన్సర్ డాక్టరు పేరు సుచరిత. నలభై ఏళ్లుంటాయి. రోజంతా జనంతో మాట్లాడి గొంతు బొంగురుపోయి ఉంది, అయినా తొందరపడకుండా చెప్పేది. స్కాన్లన్నీ చూశాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న పొగ తాగే అలవాటు ఉందా అని.

"ఆమెకు లేదు. నాకుంది" అన్నాడు గుర్వయ్య. దవాఖానకు వచ్చిన దగ్గర్నుంచీ అతన్ని తొలుస్తున్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది. "నా బీడీ పొగకే గిట్లయిందా డాక్టరమ్మా? ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి."

"పక్కవాళ్లకు కూడా పొగ మంచిది కాదు. కాబట్టి మీరు మానేయాల్సిందే, అందులో మాట లేదు" అంది సుచరిత. "కానీ ఇది మీ వల్లే వచ్చిందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. జీవితంలో ఎప్పుడూ పొగ తాగని ఆడవాళ్లలో కూడా ఈ జబ్బు చూస్తుంటాం. అలాంటివాళ్లలో చాలాసార్లు జన్యువులో ఒక మ్యుటేషన్ దొరుకుతుంది. అదుందా లేదా అన్నది ముందు పరీక్ష చేసి చూడాలి."

గుర్వయ్య తల ఊపాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మ్యుటేషన్ అంటే తహసీల్దార్ ఆఫీసుకు పోవాల్నా?"

సుచరితకు అర్థం కాలేదు. సుస్మిత సిగ్గుపడుతూ విడమరిచి చెప్పింది. మా దగ్గర తాత పేరు మీదున్న భూమిని కొడుకు పేరు మీదికి మార్చడాన్ని మ్యుటేషన్ అంటారు మేడం, నాయినకు తెలిసిన మ్యుటేషన్ అదొక్కటే.

డాక్టరు నవ్వి, కుర్చీ ముందుకు జరుపుకుంది. "మాటకు అర్థం అదే. మార్పు. అక్కడ భూమి కాగితంలో పేరు మారుతుంది. ఇక్కడ మన కణం లోపల ఉండే రాతలో ఒక చిన్న ముక్క మారుతుంది. కణం ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ఆగాలో ఆ రాతలో ఉంటుంది. ఆ ముక్క తప్పుపడితే ఆగమన్నా ఆగకుండా పెరుగుతూ పోతుంది."

అప్పటిదాకా వింటూ కూర్చున్న సోమమ్మ మాట అందుకుంది. "బోరు మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టినట్టేనా? కరెంటు రాంగనే దానంతటదే నడుస్తది. మడి నిండినా నడుస్తది. ఎవలన్న పోయి బంద్ జెయ్యాలె."

"అచ్చంగా అంతేనమ్మా" అంది సుచరిత. "మోటర్లు చాలా ఉంటాయి. మీ దాంట్లో ఏది ఆగకుండా నడుస్తోందో పరీక్షలో తెలుస్తుంది. కొన్నింటిని బంద్ చేసే మాత్రలున్నాయి. అది దొరికితే సెలైన్ పెట్టి ఎక్కించే కీమోథెరపీతో ఇప్పుడే పని ఉండదు. ఇంట్లో కూర్చుని రోజూ మాత్ర వేసుకోవడమే."

మహబూబ్‌నగర్‌లో తీసిన నీళ్లలో ఈ పరీక్షకు చాలినన్ని కణాలు లేవు. సోమమ్మను స్కానింగ్ మిషన్ కింద పడుకోబెట్టి ఊపిరితిత్తిలోకి సూది దింపి ఒక చిన్న ముక్క తీశారు. పెద్దగా నొప్పేమీ లేదని, గొర్రెకు టీకా వేసినప్పుడు అది అంత గొడవ ఎందుకు చేస్తుందో తనకు అర్థం కాలేదని ఆమె బయటికొచ్చి చెప్పింది. ఆ ముక్క ల్యాబుకు పోయింది. ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుందన్నారు.

ఆ రెండు మూడు వారాలు ఐలేశానికి ఒక యుగం. క్యాన్సర్ అని తెలిసి కూడా ఏ మందూ ఇవ్వకుండా ఇంటికి పంపించారంటే అతనికి మింగుడు పడలేదు. నారాయణపేట దిక్కున ఎవరో పసరు పోస్తారట, పోదాం రమ్మని అక్కను పోరు పెట్టాడు.

"డాక్టరమ్మ ఏం జెప్పింది? ఏ మోటరో తెల్వకుండా ఫీజులు పీకొద్దన్నది" అంది సోమమ్మ. డాక్టరు ఆ మాట అననేలేదు. కానీ ఆ తర్వాత ఊరంతా అదే డాక్టరు మాటగా చలామణి అయింది.

గుర్వయ్య బీడీ మానేశాడు. చేతికి, నోటికి పని కావాలి కాబట్టి చొక్కా జేబు నిండా వేయించిన పల్లీలు పోసుకుని తిరగసాగాడు. వారం తిరక్కుండానే గొర్రెలు ఈ సంగతి కనిపెట్టాయి. సోమమ్మను వదిలేసి గుర్వయ్య వెంట పడ్డాయి. జేబులో మూతులు పెట్టి అతన్ని నడవనివ్వలేదు. సోమమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఇది చూసి, ఆయాసం వచ్చేదాకా నవ్వింది. ఈసారి నవ్వు కాస్త బయటికొచ్చింది కూడా.

ఫలితం ఒక పొద్దున వచ్చింది. సోమమ్మ దొడ్లో ఈనుతున్న గొర్రె దగ్గర ఉంది. గుర్వయ్య మంద తోలుకుపోయాడు. ఇంట్లో మోగిన ఫోన్ ఐలేశం ఎత్తాడు. అవతల సుస్మిత కేకేసినట్టు మాట్లాడుతోంది.

"మామా, పాజిటివ్ వచ్చింది! అమ్మకు పాజిటివ్ వచ్చిందని చెప్పు, నేను..."

సిగ్నల్ పోయింది. ఐలేశం ఫోన్ పట్టుకుని గడపలో కూలబడ్డాడు. ఆ ఏడాది పాజిటివ్ అనే మాటకు ఆ జిల్లాలో ఒకటే అర్థం ఉండేది. ఇప్పటికే క్యాన్సర్, దాని మీద కరోనా. ఎదురింట్లోంచి జానమ్మ ఏమైందని అడిగింది. అతను చేత్తో దొడ్డివైపు చూపించి, "అక్కకు పాజిటివ్" అన్నాడు.

జానమ్మ తన పని తెలిసిన మనిషి. ముఖానికి రెండు మాస్కులు కట్టుకుంది. బ్లీచింగ్ పౌడరు తెచ్చి గడప ముందు తెల్లగా గీత పోసింది. ఇరుగుపొరుగు పిల్లలను లోపలికి పొమ్మంది. ఐలేశాన్ని దూరంగా వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ ముట్టుకున్నాడో చెప్పమంది. అప్పుడే సోమమ్మ ఇంకా తడి ఆరని గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని దొడ్లోంచి ఇవతలికొచ్చింది.

"ఏందే జానమ్మా, పండుగ లేదు పబ్బం లేదు, ముగ్గేసినవ్?"

"ఆడనే ఉండు వదినా. ముందుకు రాకు. నీకు పాజిటివ్ వచ్చిందంట. సుస్మిత ఫోన్ జేసింది."

సోమమ్మ ఆగింది. ఒక్క క్షణం ఆలోచించింది. "సుస్మితనా? సుస్మితకెట్ల తెలుస్తది? కరోనా పరీక్ష నేను మల్ల చేపియ్యనే లేదుగదనే. ల్యాబుకు పోయింది నా ఊపిరితిత్తి ముక్క."

ఫోన్ మళ్లీ మోగింది. జానమ్మ దాన్ని చేతి రుమాలుతో పట్టుకుని స్పీకరు పెట్టి అరుగు మీద పెట్టింది. వీధిలో ఉన్నవాళ్లంతా విన్నారు. సుస్మిత ఈసారి నిదానంగా చెప్పింది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు దొరికింది. దాన్నే పాజిటివ్ అంటారు. దానికి మాత్ర ఉంది. డాక్టరు చాలా సంతోషించింది. సోమవారం రమ్మంది.

"అంటే పాజిటివ్ మంచిదా?" అని ఐలేశం వేపచెట్టు కింద నుంచే అడిగాడు.

"గీ పరీక్షల మంచిదే మామా. మోటరు దొరికింది."

ఐలేశం మళ్లీ ఏడ్చాడు. జానమ్మ ఒక మాస్కు తీసి, రెండోది అలాగే ఉంచుకుంది, ఎందుకైనా మంచిదని. సోమమ్మ గొర్రెపిల్లను దించి, తెల్ల గీత దాటి వచ్చి, ఆమెను గట్టిగా పట్టుకుంది. సాయంత్రం మంద తోలుకుని వచ్చిన గుర్వయ్యకు ఊరి మొదట్లోనే ముగ్గురు ఎదురై, నీ భార్యకు పాజిటివ్ వచ్చిందని నవ్వుకుంటూ చెప్పారు. పాపం, అతనికి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది.

మాత్ర చిన్నది, రోజుకొకటి. మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారం దాటాక ఒకరోజు పొద్దున లేచి, రాత్రంతా దగ్గలేదని గుర్తుకొచ్చి సోమమ్మ ఆశ్చర్యపోయింది. నెల తిరిగేసరికి వెల్లకిలా పడుకోగలిగింది. రెండో నెలలో మందను చెరువు గట్టు దాకా తోలుకుపోయి వచ్చింది. అయితే ముఖమంతా చిన్న చిన్న కురుపులు లేచాయి.

"ఏంది వదినా, పడుచుపిల్లకు లేసినట్టు మొటిమలు" అని జానమ్మ ఏడిపించింది.

డాక్టరు సుచరిత చూసి, ఈ మందుతో ఇలా అవుతుందని, సాధారణంగా మందు పనిచేస్తున్నప్పుడే ఎక్కువ కనిపిస్తుందని చెప్పింది. ఎండ తగలకుండా చూసుకోమని, పొద్దున పూట రాసుకోవడానికి క్రీము రాసిచ్చింది. ఎండ తగలకుండా గొర్రెలు కాయడం ఎట్లాగో మాత్రం ఆమె చెప్పలేదు. సోమమ్మే ఆలోచించుకుంది. ముఖానికి తెల్లగా క్రీము పూసుకుని, గొడుగు పట్టుకుని మంద వెంట నడవసాగింది. దారిన పోయే ఆర్టీసీ బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఆమె గొడుగు ఊపేది. కొన్ని నెలలకు ఇంకో వింత జరిగింది. కంటి రెప్పల వెంట్రుకలు పొడుగ్గా, వంకర తిరిగి పెరిగాయి. అది కూడా మందు గుణమేనట. సుస్మిత వాళ్లమ్మ ఫోటో తీసి షోరూంలో చూపిస్తే, మీ అమ్మ ఏ పార్లర్‌కు పోతుందని అడిగారు.

స్కాన్‌లో గడ్డ బాగా తగ్గింది. సుచరిత సంతోషంగానే చెప్పింది గానీ ఏమీ దాచలేదు. "ఇది పోలేదమ్మా, నిద్రపోయింది. మందు పనిచేసినన్నాళ్లు పనిచేస్తుంది. ఎప్పుడో అది ఇంకో దారి వెతుక్కోవచ్చు. అప్పుడు మళ్లీ పరీక్ష చేద్దాం."

"నిద్రపోనీ తియ్యి. మేమైతే లేపం" అంది సోమమ్మ.

రెండేళ్లకు పైగా నిద్రపోయింది. ఒక వానాకాలం మళ్లీ దగ్గు మొదలైంది. సోమమ్మ ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్లు గొర్రెల మధ్యనే దగ్గింది. సుస్మిత ఊరికొచ్చినప్పుడు దొరికిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

"పోయినసారి నాకు ఏం తెల్వదు బిడ్డా. తెల్వకపాయె, భయం గూడ కాలే" అంది సోమమ్మ. "ఇప్పుడు గా ఊపిరి ఆడకపోవుడు ఎట్లుంటదో ఎరుక. గందుకే భయమైతాంది."

సుస్మిత ఆమె భుజం మీద తల పెట్టుకుంది. "నాకు గూడ అయితాంది అమ్మా. ఎల్లుండి పోదం."

ఈసారి సూది ఊపిరితిత్తిలోకి దించలేదు. చేతి నరంలోంచి రక్తం తీశారంతే. గడ్డలోంచి రాలిన జన్యువుల ముక్కలు రక్తంలో తిరుగుతుంటాయని, వాటిని పట్టుకుని చదువుతారని సుచరిత చెప్పింది. గుర్వయ్య ఆ చిన్న సీసాను చాలాసేపు చూశాడు. అందులో రక్తం తప్ప ఏమీ కనిపించలేదు. ఫలితం వచ్చిన రోజు సుస్మిత ఫోన్ చేసి మొట్టమొదట అన్న మాట, "మందు ఉంది". మిగతాది తర్వాత చెప్పింది. పాత మార్పు మీద ఇంకో కొత్త మార్పు వచ్చింది. పాత మాత్ర అందుకే పనిచేయడం మానేసింది. ఈ కొత్తదానికి పనిచేసే మాత్ర వేరే ఉంది. దాని కోసం మందుల కంపెనీ సహాయ పథకానికి కాగితాలన్నీ సుచరితే రాసి పంపింది.

కొత్త మాత్ర కూడా పట్టింది. దగ్గు పోయింది. ముఖం మీద కురుపులు ఈసారి పెద్దగా రాలేదు. సోమమ్మ కొంచెం నిరాశపడింది కూడా.

మొన్న కార్తీకంలో వాళ్లు కురుమూర్తి జాతరకు పోయారు. సుస్మిత సెలవు పెట్టి వచ్చింది. ఐలేశం ఆటో మాట్లాడాడు. స్వామి పాదుకల ఊరేగింపు చూశాక గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. ఎండ మీద పడకుండా సోమమ్మ కొంగు తలమీద కప్పుకుంది. మెట్ల మీద జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. సగం దూరంలో గుర్వయ్య రాతి మీద కూర్చుని గుండె పట్టుకున్నాడు.

సోమమ్మ పైనుంచి తిరిగి చూసి కిందికి దిగి వచ్చింది.

"ఏమైంది?"

"ఏం లేదు. జర ఆగు. దమ్మొస్తాంది."

"కూసో, తొందరేం లేదు" అని ఆమె పక్కనే కూర్చుంది. కాసేపటికి చెప్పింది. "ఎల్లుండి హైదరాబాద్ పోయినప్పుడు నీది గూడ ఒక ఎక్స్‌రే తీపిద్దం. డాక్టరమ్మకు చెప్త."

"నాకేం గాలే."

"కాకుంటే మంచిదే. కానీ తీపియ్యాలె."

అతను తల ఊపి లేచాడు. పైకి పోయి దండం పెట్టుకున్నాక, దిగేటప్పుడు గొంగళ్లు అమ్మేవాళ్ల దగ్గర సోమమ్మ ఆగిపోయింది. ఒక గొంగడి ఎత్తి, ఉన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"గిది ఒక్క మంద ఉన్ని గాదు. కలిపిన్రు" అంది.

అమ్మేవాడు ఒప్పుకోలేదు. ఆమె కింద కూర్చుని ఇంకోటి విప్పమంది, తర్వాత ఇంకోటి. చుట్టూ నలుగురు చేరారు. అతనిది ఏ ఊరు, ఏ గొర్రెలు, నేసింది ఎవరు అని ఆరా మొదలైంది. ఐలేశం ఆటో టైం అయిందని దూరం నుంచి కేకేస్తున్నాడు. సుస్మిత బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చి తల్లి పక్కన కూర్చుంది. సోమమ్మ ఒక చేత్తో బజ్జీ తింటూ, ఇంకో చేత్తో నాలుగో గొంగడి అంచు లాగింది.